రాతి లంగరు నుంచి నాగలి లంగరు దాకా: తెలుగు తీరపు రేవుల నేపథ్యంలో తులనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

హైదరాబాదు పడమటి అంచున మదీనాగూడ మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి తూర్పున మచిలీపట్నంలో ముగుస్తుంది. గోలకొండ రాజ్యానికి ప్రధాన రేవు అదే. ఆ రేవు గుండా సాగిన వస్త్ర, వజ్ర వ్యాపారాల గురించి చరిత్రకారులు విస్తారంగా రాశారు. ఓడను తీరం ముందు నిలిపి ఉంచిన లంగరుకు మాత్రం ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. కొత్త లంగరు ఎప్పుడూ పాతదాని కంటే మేలైనదేనన్న సాధారణాభిప్రాయాన్ని తెలుగు తీరపు అనుభవంతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మాట వెనుక చరిత్ర

'లంగరు' పారసీ నుంచి వచ్చిన పదం. హైదరాబాదులో ఈ పదానికి సముద్రంతో నిమిత్తం లేని మరో చరిత్ర ఉంది. బాలుడైన అబ్దుల్లా కుతుబ్‌షా ఎక్కిన ఏనుగు అదుపు తప్పి పారిపోగా, తల్లి హయాత్ బక్షీ బేగం బిడ్డ క్షేమంగా తిరిగి వస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు లంగరును సమర్పిస్తానని మొక్కుకున్నదని ఐతిహ్యం. మొహర్రం మాసంలో జరిగే లంగర్ ఊరేగింపునకు ఇదే మూలమని చెబుతారు. ఏనుగునైనా ఓడనైనా నిలిపి ఉంచే బరువైన బంధమన్న భావమే రెండు చోట్లా కనిపిస్తుంది.

3. పాత లంగర్లు: బరువు, కొక్కెం

తొలి లంగరు తాడు కట్టిన రాయి. దాని బలం బరువులోనే ఉంది. మధ్యయుగాల నాటికి హిందూ మహాసముద్ర తీరాలలో పొడవుగా చెక్కిన రాతి లంగర్లు వాడుకలోకి వచ్చాయి. వాటిపై కొసన తాటికి ఒక గుండ్రని రంధ్రం, అడుగున కొయ్య మేకులు దూర్చడానికి ఒకదానికొకటి అడ్డంగా రెండు చదరపు రంధ్రాలు ఉండేవి. బరువుకు కొక్కెం తోడైంది.

ఐరోపా ఓడల ఇనుప లంగరులో రెండు చేతులు, వాటికి లంబంగా పైన ఒక అడ్డుకర్ర ఉంటాయి. అడ్డుకర్ర నేలపై పరుచుకోగానే ఒక చేయి తిరిగి నేలలో దిగుతుంది. రాతినేలలో, నాచులో ఇది బాగా పట్టు చిక్కించుకుంటుంది. అయితే దీనికి రెండు లోపాలున్నాయి. చేతి కొసనున్న పలక చిన్నది కావడంతో మెత్తటి బురదలో పట్టు తక్కువ. నేలలో దిగని రెండో చేయి పైకి నిలిచి ఉండటంతో, ఓడ దిశ మారినప్పుడు తాడు దానికి చుట్టుకొని లంగరును పెకలిస్తుంది.

4. మచిలీపట్నం: నేల పెట్టిన పరీక్ష

కృష్ణా డెల్టా ఒండ్రుతో మచిలీపట్నం తీరం లోతు తక్కువగా, మెత్తగా ఉంటుంది. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవలలో ఒడ్డుకు చేరేది. పైన చెప్పిన రెండు లోపాలూ ఇక్కడే ప్రమాదకరం. తుపాను కేంద్రం దాటుతున్నప్పుడు గాలి దిశ మారుతుంది. అప్పుడు లంగరు ఊడి మళ్లీ పట్టుకోవలసి వస్తుంది. 1789 కోరంగి ఉప్పెనలో లంగరు వేసి ఉన్న ఓడలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు.

లంగరు విఫలమైతే ఏమి జరిగేదో మోటుపల్లి శాసనం తెలుపుతుంది. తుపానుకు పగిలి ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను 'కూపశుల్కం' తప్ప మిగతాదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ కాకతీయ గణపతిదేవుడు 1244లో ప్రకటించాడు. ఇనుము ఇవ్వలేని భరోసాను చట్టం ఇచ్చింది.

5. కొత్త లంగర్లు: ఆకారం, వైశాల్యం

20వ శతాబ్దిలో విహార నౌకల అవసరాలు లంగరు రూపాన్ని మార్చాయి. చిన్న నౌకలో మనుషులు తక్కువ, మోయగల బరువు పరిమితం. భౌతికశాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1933లో రూపొందించిన 'సి.క్యు.ఆర్.' నాగలి ఆకారంలో ఉంటుంది. తరువాత వచ్చిన డాన్‌ఫర్త్ లంగరు విశాలమైన రెండు పలకలతో, బరువు తక్కువైనా బురదలోనూ ఇసుకలోనూ గట్టిగా పట్టుకుంటుంది. 1970లలో బ్రూస్ లంగరు వచ్చింది.

నాగలి పోలికలోనే ఒక వైరుధ్యం ఉంది. నాగలి మట్టిని ఇరువైపులా తోస్తూ ముందుకు సాగడానికి పుట్టినది, లంగరు సాగకూడదు. తరువాతి తరపు స్పేడ్, రోక్నా లంగర్లు పారలాగా లోపలికి వంగిన పలకతో మట్టిని కూడగట్టుకుంటాయి. మొన బరువుగానో, వెనుక గుండ్రని కమ్మీతోనో ఉండటంతో ఇవి ఎలా పడ్డా సరైన వైపుకు తిరుగుతాయి. గాలి మారినప్పుడు త్వరగా మళ్లీ దిగడమే వీటి అసలైన మేలు.

అయినా ఆకారం ఒక్కటే చాలదు. లాగుడు నేలకు సమాంతరంగా ఉండాలి. 5 మీటర్ల లోతులో నీటికి మీటరు ఎత్తున్న ముక్కు నుంచి 5 రెట్లు వదలాలంటే 30 మీటర్ల గొలుసు కావాలి. గొలుసు పొట్టిదైతే ఏ తరపు లంగరైనా పైకి లేస్తుంది.

6. ముగింపు

లంగరు చరిత్ర బరువు నుంచి ఆకారానికి, ఆకారం నుంచి వైశాల్యానికి సాగింది. అది సరళరేఖ కాదు: రాతినేలలో పాత కొక్కెం నేటికీ కొరగానిది కాలేదు. బురదలో, దిశ మారే గాలిలో కొత్తది నిశ్చయంగా మేలు. ఆశ్రయం లేని తీరంలో తుపాను వేళ మాత్రం రెండూ చాలవు. 1746 అక్టోబరులో మద్రాసు ముందు ఫ్రెంచి నౌకాదళం తుపానుకు ధ్వంసమైన తీరు ఇదే చెబుతుంది. నేల, ఋతువు, గొలుసు పొడవు తెలిసిన నావికుడి చేతిలోనే లంగరు లంగరవుతుంది. కోరమండల్ రేవుల చరిత్రను రాసేటప్పుడు సరుకుల పట్టికలతో పాటు సముద్రపు అడుగు నేలను కూడా ఆధారంగా చదవవలసి ఉంది.