మెట్లు పీకేసిన గిటార్

ఆ ఉదయం నిద్ర లేచి గది మూలకు చూసిన కుర్రవాడు అలాగే నిలబడిపోయాడు. అక్కడ పెట్టిన డబుల్ బేస్ ముక్కలై ఉంది.

మనిషెత్తు వాద్యం అది. డొల్ల కడుపు, నాలుగు లావుపాటి తీగలు. కరెంటుతో పని లేకుండానే గదిని దద్దరిల్లజేస్తుంది. జాజ్ బృందంలో అందరికంటే కింద మోగుతూ అందరినీ మోసేది దాని స్వరమే. ఆ స్వరం కోసం ఆ కుర్రవాడు డబ్బు కూడబెట్టి మరీ దాన్ని కొనుక్కున్నాడు. ఇప్పుడు బాగు చేయించే స్తోమత లేదు. ఇంకోటి కొనే స్తోమత అంతకన్నా లేదు.

ఊరు ఫోర్ట్ లాడర్‌డేల్, అమెరికా దక్షిణపు కొసన ఫ్లోరిడాలో. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, ఊరి పొడవునా కాలువలు. వేసవిలో విశాఖ, కాకినాడల్లో ఒళ్లంతా జిడ్డు కట్టే ఉక్కపోత ఎలా ఉంటుందో అక్కడా అంతే. గాలిలోని తేమను చెక్క పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరినప్పుడు కుంచించుకుపోతుంది. పోగు వెంట పెద్దగా కదలదు, పోగుకు అడ్డంగా మాత్రం బాగా కదులుతుంది. డబుల్ బేస్‌లో పైపలక పోగు ఒక దిక్కు, పక్కబద్దల పోగు ఇంకో దిక్కు. పాత పద్ధతిలో వాటిని కలిపి పట్టి ఉంచేది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు. తేమ తగిలితే ఆ జిగురు పట్టు వదులుతుంది. తీగలు లాగే బరువు ఎటూ ఉండనే ఉంది. చలి దేశాల వడ్రంగులు కనిపెట్టిన వాద్యం ఉష్ణమండలపు గాలిలో ఓడిపోయింది.

కుర్రవాడి పేరు జాన్ ఫ్రాన్సిస్ ఆంథొనీ పాస్టోరియస్. అందరూ పిలిచేది జాకో అని.

1951 డిసెంబర్ 1న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని నారిస్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి జాక్ పాస్టోరియస్ గాయకుడు, జాజ్ డ్రమ్మర్. జాకో చిన్నతనంలోనే కుటుంబం ఫ్లోరిడాకు మారింది. కొడుకూ తండ్రి దారిలో డ్రమ్స్ పట్టాడు. 13 ఏళ్లప్పుడు ఫుట్‌బాల్ ఆటలో ఎడమ మణికట్టు విరిగింది. అతికినా మునుపటి బలం రాలేదు. అతనున్న బృందానికి మెరుగైన డ్రమ్మర్ దొరికాడు. అదే సమయంలో బేస్ వాయించేవాడు వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఆ చోటికి జాకో జరిగాడు. ఇరవై నిండకముందే ట్రేసీతో పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. పగిలిన డబుల్ బేస్ వెనుక ఉన్న సంసారం అదీ.

సరే, ఇప్పుడేం చేయాలి? చేతిలో ఉన్నది ఎలక్ట్రిక్ బేస్ గిటార్. 1962లో తయారైన ఫెండర్ జాజ్ బేస్, సెకండ్ హ్యాండ్‌ది. గట్టి చెక్క దిమ్మ కాబట్టి తేమకు పగలదు. కానీ దాని స్వరం వేరు. వీణకు 24 మెట్లు ఉన్నట్టే దీని మెడ మీద 20 ఫ్రెట్లు, అంటే అడ్డంగా బిగించిన లోహపు మెట్లు. వేలు ఎక్కడ నొక్కినా తీగ వెళ్లి మెట్టు అంచునే ఆనుతుంది. స్వరం గీత గీసినట్టు మొదలై గీత గీసినట్టే ఆగుతుంది. డబుల్ బేస్‌కు మెట్లు లేవు. అక్కడ తీగ ఒకవైపు వేలి కండ మీద, ఒకవైపు చెక్క మీద ఆగుతుంది. అందుకే అది మెత్తగా పుట్టి, పుట్టాక విచ్చుకుంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారగలదు.

మెట్లు తీసేస్తే?

తీసింది ఎవరన్న దానికి జాకో నోటి నుంచే రెండు కథలు వచ్చాయి. వెన్న రాసే కత్తితో తానే పెకిలించానని ఒకటి. కొనేసరికే ఎవరో మొరటుగా పీకేసి మెడను పాడు చేసి ఉంచారని ఇంకొకటి. అభిమానులు మొదటి కథనే ఇష్టపడతారు. నా మట్టుకు నాకు ఆ తగువు ముఖ్యం కాదు. మెట్లు పీకడం ఒక పూట పని, ఆ తరవాతి పనే ఈ గిటార్‌ను గిటార్‌గా నిలబెట్టింది. ఆ పని జాకో చేతులదేనని రెండు కథలూ ఒప్పుకుంటాయి.

ఆ పనేమిటో చూద్దాం. మెడ మీద వేళ్లు ఆనే పలక, అంటే ఫింగర్‌బోర్డు, రోజ్‌వుడ్. మెట్టు అడుగున సన్నని రెక్క ఉంటుంది, అది చెక్కలో కోసిన గాడిలో దిగి ఉంటుంది. పైకి లాగితే రెక్కకున్న గరుకు పళ్లు అంచు చెక్కను పెళ్లలుగా లేపుతాయి. 20 మెట్లు పోతే 20 గాడులు తెరుచుకుంటాయి. వాటిని అలా వదిలేస్తే మెడలో బిగువు తగ్గుతుంది, తీగల లాగుడుకు ముందుకు వంగుతుంది. జాకో ఆ గాడులను, లేచిన పెళ్లల గుంటలను చెక్క లప్పంతో నింపాడు. ఆరనిచ్చి శాండ్‌పేపర్‌తో చదును చేశాడు. ఇక్కడ వెంట్రుకవాసి ఎత్తుపల్లమున్నా తీగ అక్కడ తగిలి బుర్రుమంటుంది. అందుకే ఈ రాపిడి ఓపికతో కూడిన పని. వేలి కొనలే కొలబద్ద.

చివరగా పూత. అప్పటికే మెట్లు లేని బేస్ వాయించేవాళ్లు సాధారణంగా నున్నటి చుట్టు ఉన్న తీగలు వేసుకునేవారు, చెక్క అరగకుండా. వాటి మోత మెత్తగా, మూసుకుపోయినట్టు ఉంటుంది. జాకోకు గుండ్రటి చుట్టున్న ఉక్కు తీగలు కావాలి, రోటోసౌండ్ కంపెనీవి. వాటిలో మెరుపుంది. కానీ అవి ఆకురాయిలా రోజ్‌వుడ్‌ను కోసేస్తాయి. ఫోర్ట్ లాడర్‌డేల్‌లో దీనికి మందు ఎక్కడ దొరుకుతుందో వేరే చెప్పాలా? రేవులో. ఉప్పునీటిని తట్టుకునేలా పడవలకు పూసే ఎపాక్సీ తెచ్చి ఫింగర్‌బోర్డు మీద పొర మీద పొర పూశాడు. అది గాజులా గట్టిపడింది. తీగ దాన్ని కోయలేదు. అంతకుమించి, గట్టి పొర మీద ఆగిన స్వరం త్వరగా చావదు, సాగుతుంది. తీగ కంపిస్తూ ఆ చదును మీద సన్నగా ఒరుసుకోవడంతో, మీటిన క్షణం తరవాత స్వరం లోపలి నుంచి నోరు తెరిచినట్టు ఎదుగుతుంది. చెక్కను కాపాడుకోవడానికి పూసిన పూత ఆ విధంగా గొంతును కూడా ఇచ్చింది.

మెట్లు లేని బేస్‌ను కనిపెట్టింది జాకో అనుకునేవాళ్లున్నారు. కాదు. 1961లో లండన్ శివారులో బిల్ వైమన్ అనే యువకుడు సెకండ్ హ్యాండ్ డాలస్ టక్సీడో బేస్ ఒకటి కొని, అరిగి గలగలమంటున్న మెట్లు పీకేశాడు. కొత్తవి వేద్దామనుకున్నాడు. వాయించి చూస్తే ఎంత బాగుందంటే, ఇక వేయనే లేదు. మరుసటి ఏడు డిసెంబర్‌లో అతను రోలింగ్ స్టోన్స్‌లో చేరాడు. ఆ గిటార్‌ను ఆ బృందం రికార్డింగుల్లో వాయించాడు. 1966లో ఆంపెగ్ కంపెనీ, 1970లో ఫెండర్ మెట్లు లేని బేస్‌లను మార్కెట్లోకి తెచ్చాయి. జాకో గొప్పతనం మొదటివాడు కావడంలో లేదు.

మెట్లు పోయాక వాటి పని ఎవరు చేయాలి? చెవి చేయాలి. ఈ గిటార్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. మెడ మొదట్లో ఒక అర స్వరానికి దాదాపు 5 సెంటీమీటర్ల జాగా ఉంటుంది. తీగ సగానికి వచ్చేసరికి అదే అర స్వరం రెండున్నర సెంటీమీటర్లలో ఇరుక్కుంటుంది. కింద 2 మిల్లీమీటర్లు తప్పితే కొందరికే తెలుస్తుంది. పైన అదే 2 మిల్లీమీటర్లకు అపశ్రుతి రెట్టింపు. లప్పం నింపిన గాడుల గీతలు కంటికి కనిపిస్తాయి నిజమే. కానీ మెట్లున్నప్పుడు వేలు మెట్టుకు వెనకగా పడాలి, ఇప్పుడు సరిగ్గా గీత మీదే పడాలి. కళ్లు నేర్చుకున్న అలవాటును చేతులు మార్చుకోవాలి. చూసి వాయించేంత తీరిక ఏ పాటా ఇవ్వదు. వయొలిన్ నేర్చుకున్నవాళ్లకు ఈ కష్టం చెప్పనక్కర్లేదు.

ఆ సాధన ఒంటరిగా గదిలో మాత్రమే జరగలేదు. 1972లో జాకో వేన్ కాక్రన్ బృందం సీసీ రైడర్స్‌లో చేరాడు. ఊరూరూ తిరిగే సోల్ సంగీత బృందం అది. ఇత్తడి వాద్యాల హోరు మధ్య శ్రుతి తప్పకుండా వాయించాలి. అంతకన్నా కఠినమైన బడి నాకు తోచదు. ఎడమ చేతి వేలిని తీగ పొడవునా ఊపి స్వరాన్ని వణికించడం, కుడి చేతిని తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరికి జరిపి బిగువున్న చోట మీటడం జాకో వాయింపుకు గుర్తులయ్యాయి. అతని ధోరణిలో బేస్ పాడుతుంది.

1974లో వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందం మయామీకి వచ్చింది. దాన్ని శాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్‌తో కలిసి నడిపిస్తున్న జో జావినుల్ వియన్నాలో పుట్టిన కీబోర్డు విద్వాంసుడు. కచేరీ అయ్యాక జాకో ఆయన్ని నిలదీసినట్టే కలిశాడు. ప్రపంచంలో అందరికన్నా గొప్ప బేస్ వాద్యకారుణ్ణి నేనే అని పరిచయం చేసుకున్నాడు. జావినుల్ మొదట పొమ్మన్నారు. కుర్రవాడు కదల్లేదు. ఆ పొగరులో ఏదో నచ్చి, టేపు పంపమన్నారు. టేపు విన్నాక ఆయన వేసిన ప్రశ్న ఈ కథ మొత్తానికి గుండెకాయ: నువ్వు ఎలక్ట్రిక్ బేస్ కూడా వాయిస్తావా?

తాను విన్నది డబుల్ బేస్ అనుకున్నారాయన. జీవితమంతా జాజ్ మధ్య గడిపిన చెవి అది. ఉక్కపోతకు పగిలిపోయిన చెక్క గొంతును లప్పంతో, పడవ పూతతో, వేళ్లతో తిరిగి కట్టిన మనిషికి ఇంతకన్నా ధ్రువపత్రం ఏం కావాలి!

ఇక తలుపులు వరసగా తెరుచుకున్నాయి. బ్లడ్, స్వెట్ అండ్ టియర్స్ అనే బృందపు డ్రమ్మర్ బాబీ కొలంబీ ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ట్రేసీని కలిశాడు. మా ఆయన ప్రపంచంలోకెల్లా గొప్ప బేస్ వాద్యకారుడు అని ఆమె చెప్పింది. విని చూశాక అతనే నిర్మాతగా జాకో తొలి ఆల్బమ్ 1976లో వచ్చింది. అందులో మొదటిది ‘డోనా లీ’. చార్లీ పార్కర్ శాక్సఫోన్‌తో ముడిపడిన, ఊపిరి సలపనివ్వని ఆ బాణీని తోడుగా డాన్ అలియాస్ కాంగా డోళ్లు మాత్రమే పెట్టుకుని బేస్ మీద వాయించాడు. బేస్ మెతకగా వెనక నిలబడాలన్న నియమం అక్కడ చెల్లలేదు. అదే ఏడు వెదర్ రిపోర్ట్‌లో చేరాడు. గాయని జానీ మిచెల్ ‘హెజీరా’ ఆల్బమ్‌లో నాలుగు పాటలకు వాయించాడు. ఆమె గొంతు పక్కన ఇంకో గొంతు నడుస్తున్నట్టుంటుంది. నా లెక్కలో జాకో వాయించినవాటన్నిటిలో అత్యంత మానవీయమైనది అదే.

వెదర్ రిపోర్ట్‌లో అతనికి ముందు ఆ స్థానంలో ఉన్న అల్ఫాన్సో జాన్సన్ కూడా మెట్లు లేని బేస్ వాయించినవాడే. ఆ పేరు మళ్లీ వస్తుంది.

1980ల కథ చెప్పడానికి మనసొప్పదు. మానసిక వ్యాధి, తాగుడు, వీధుల్లో రాత్రులు. బైపోలార్ జబ్బును చుట్టూ ఉన్నవాళ్లు చాలాకాలం ‘కళాకారుడి పిచ్చి’గానే చూశారు. వైద్యం కావాల్సిన మనిషిని వినోదంగా చూడటం ఘోరం. ఆ దశలోనే ఆ గిటార్ కూడా ముక్కలైంది. ఫ్లోరిడాలో వాద్యాలు బాగు చేసే నిపుణులు ఆ ముక్కలన్నిటినీ ఏరి అతికి, ముందూ వెనకా మేపుల్ చెక్క పొర తాపడం చేసి తిరిగి మోగేలా చేశారు. 1986లో న్యూయార్క్‌లో ఒక పార్కులో అది దొంగల పాలైంది.

1987 సెప్టెంబర్‌లో ఫ్లోరిడాలో సాంటానా బృందం కచేరీ జరుగుతుంటే జాకో వేదిక ఎక్కబోయాడు. అక్కడ బేస్ వాయిస్తున్నది అల్ఫాన్సో జాన్సనే. జాకోను బయటికి పంపేశారు. ఆ రాత్రే విల్టన్ మేనర్స్‌లో ఒక క్లబ్బు బయట దెబ్బలు తిన్నాడు, స్పృహ రాలేదు. సెప్టెంబర్ 21న పోయాడు. 35 ఏళ్లు.

గిటార్ మాత్రం ఇరవై ఏళ్లకు, 2006లో, న్యూయార్క్‌లో బయటపడింది. అది జాకోదేనని గుర్తించడం కష్టం కాలేదు. అతికిన విరుగుళ్లు, తాపడం చేసిన పొరలు ఇంకే గిటార్‌కీ లేవు. ఎవరికి చెందాలన్న తగువు కొన్నేళ్లు నడిచింది. చివరికి మెటాలికా బృందంలో బేస్ వాయించే రాబర్ట్ ట్రుహీయో డబ్బు పెట్టి జాకో కుటుంబం తరఫున దాన్ని విడిపించాడు. జాకో జీవితం మీద డాక్యుమెంటరీ కూడా తీయించాడు.

వినాలనిపిస్తే తొలి ఆల్బమ్‌లోని ‘కంటిన్యుయమ్’తో మొదలుపెట్టండి. అదే బేస్‌ను రెండుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి వేశారు. మెట్లు లేవు కాబట్టి రెండూ అచ్చు ఒకే చోట పడవు, ఆ కొద్ది తేడాలోంచే అల పుడుతుంది. తరవాత ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ’. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. తీగను నొక్కకుండా కొన్ని చోట్ల తాకి వదిలితే పుట్టే పై స్వరాలతోనే దాదాపు అంతా అల్లాడు. ఫోన్ స్పీకర్‌లో వినకండి. బేస్ అడుగు తీగ సెకనుకు 41 సార్లే కంపిస్తుంది, ఆ లోతు అంత చిన్న స్పీకర్‌లో పలకదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.