నాంపల్లి స్టేషన్ రోడ్డు - రైలు లెక్కలు

సంక్రాంతికి ఊరెళ్ళాలంటే కార్తీకమాసంలోనే కంప్యూటరు ముందు కూర్చోవాలి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు కదా (2024 నవంబరు 1 దాకా ఇది 120 రోజులు). పొద్దున్న ఎనిమిదింటికి సిద్ధంగా కూర్చున్నా, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాకు దక్కింది వెయిటింగ్ లిస్టు 38. ఫోన్ చేసి నాన్నతో ఏడ్చుకుంటే ఆయన చల్లగా "అంకె చెప్పారుగా, ఇంకేం కావాలి?" అన్నారు.

ఆ మాట వెనక ఓ కథుంది. 1984లో ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చిన కొత్తల్లో నాన్న పండక్కి టికెట్టు కోసం తెల్లవారుజామున నాలుగింటికే వెళ్ళి ఒక స్టేషన్లో లైన్లో నిలబడ్డారట. అప్పట్లో రైలుకో రిజిస్టరు. ఏ రైలు కావాలో దాని కౌంటరు దగ్గరే నిలబడాలి. స్టేషనుకింత అని కోటా. ఢిల్లీలోనో బొంబాయిలోనో ఎక్కాల్సిన తిరుగు ప్రయాణానికి సీటు కావాలంటే ఆ ఊరికి టెలిగ్రాం కొట్టి, జవాబు కోసం ఎదురు చూడాలి. నాన్న వంతు వచ్చేసరికి గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, వేలు కిందకి జార్చుకుంటూ వచ్చి, "లేదు" అని మూసేశాడు. అంతే. ఎన్ని సీట్లున్నాయి, ఎవరికి పోయాయి, ముందు ఎంతమంది ఉన్నారు... ఆ పుస్తకంలో ఏముందో గుమాస్తాకి తెలియాలి, పైనున్న దేవుడికి తెలియాలి.

ఇది మనసులో తిరుగుతుండగానే ఆదివారం వచ్చింది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసి (పాత రైల్వే టైంటేబుల్ ఒకటి దొరికింది, బేరమాడకుండానే కొనేశా), అక్కణ్ణించి నాంపల్లి స్టేషనుకి నడక మొదలెట్టాను. ఆ దారిలోనే గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది. సరోజినీ నాయుడు ఇల్లనీ, హైదరాబాదు విశ్వవిద్యాలయం తొలిరోజుల్లో నడిచింది అక్కడేననీ చాలామందికి తెలుసు. ఆ విశ్వవిద్యాలయం, మా గోదావరి రైలు రెండూ పుట్టింది 1974లోనే. నాకు తెలియని సంగతేమిటంటే, ఆవిడ తండ్రిని రైలు గొడవలోనే ఈ ఊరి నుంచి వెళ్ళగొట్టారని!

అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేటు చేసి వచ్చిన రసాయన శాస్త్రవేత్త, తర్వాత నిజాం కాలేజీగా మారిన హైదరాబాదు కాలేజీకి ప్రిన్సిపాలు. 1874లోనే వాడీ నుంచి సికిందరాబాదుకి నిజాం రాజ్యంలో రైలు వచ్చేసింది. 1883లో దాన్ని బెజవాడ వైపూ చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపూ పొడిగించే పథకం బయటికొచ్చింది. లండనులో కంపెనీ పెడతారు, అక్కడే పెట్టుబడి పోగేస్తారు, దాని మీద 20 ఏళ్ళపాటు ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ఖజానా హామీ. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ప్రాజెక్టు మునిగినా వెండరు బిల్లు ఆగదు :)

అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు కలిసి ఒక కమిటీగా ఏర్పడి అడిగింది చాలా చిన్న విషయం. షరతులేమిటో జనం ముందు పెట్టండి, చదువుకుని మాట్లాడటానికి గడువివ్వండి అని. రైలు వద్దని కాదు, లెక్క చూపించమని. దానికి జవాబుగా ఆ ఏడాది మే నెలలో అఘోరనాథ్‌ని రాజ్యం నుంచి బహిష్కరించారు. అప్పటికి సరోజినికి నాలుగేళ్ళు. కొన్నాళ్ళకి ఆయన్ని వెనక్కి రానిచ్చారు గానీ, కంపెనీ మాత్రం అనుకున్నట్టే వచ్చేసింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే - ఆ "గ్యారంటీ" సరిగ్గా పేరులోనే ఉంది చూడండి. 1889కి పట్టాలు బెజవాడ చేరాయి. నాంపల్లి స్టేషను 1907లో కట్టారు. 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేని కంపెనీ నుంచి కొనేసుకుంది. బెజవాడ దారి మీదే ఇవాళ్టికీ మా ఊళ్ళకి వెళుతున్నాం కాబట్టి రైలు వేయడం తప్పని నేననను. అడిగినవాణ్ణి గెంటేయడం మాత్రం తప్పే.

సరే, మళ్ళీ రిజిస్టరు దగ్గరికొద్దాం. 1985 నవంబరులో ఢిల్లీలో తొలి కంప్యూటర్ రిజర్వేషను మొదలైంది. సాఫ్ట్‌వేరు పేరు ఇంప్రెస్, రాసింది సీఎంసీ. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్ళాక దాని యంత్రాల బాగోగులు చూసిన ప్రభుత్వ సంస్థ అది. 80ల చివరికి సికిందరాబాదుకీ వచ్చింది. కానీ ఏ ఊరి కంప్యూటరు ఆ ఊరిదే, అంటే పుస్తకం కంప్యూటరయింది గానీ గోడలు అలాగే ఉన్నాయి. ఆ గోడలు కొట్టడానికి రైల్వేవారి క్రిస్ సంస్థ తయారుచేసిన "కాన్సర్ట్" మొదట నడిచింది ఎక్కడో తెలుసా? మన సికిందరాబాదులోనే, 1994 సెప్టెంబరులో. 1999 ఏప్రిల్‌కల్లా ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు అన్నీ కలిసిపోయాయి.

దీని డిజైను నాకు భలే నచ్చింది. డేటా అంతా ఒకచోట కుప్పపోయలేదు, అన్నిచోట్లా నకళ్ళు పెట్టలేదు. ఏ రైలు సీట్లు ఏ కేంద్రానివో అక్కడే ఉంటాయి. ఏ కౌంటరులో అడిగినా ఆ అభ్యర్థనని సొంతదారు సర్వరుకి పంపేస్తారు. ఒక బెర్తుకి ఒక్కడే యజమాని కాబట్టి ఇద్దరికి అమ్ముడుపోయే బెడద తక్కువ. ఓపెన్ వీఎంఎస్ మీద, ఫోర్ట్రాన్, సీ భాషల్లో రాశారు. మనం మైక్రోసర్వీసులంటూ గొప్పలు పోయేముందు ఒకసారి ఇది గుర్తుచేసుకోవాలి. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టులో టికెట్లు అమ్మడం మొదలెట్టింది. మొదట్లో టికెట్టు కొరియరులో ఇంటికొచ్చేది. 2005లో ఈ-టికెట్టు వచ్చింది.

అందరూ వేగం గురించే చెబుతారు. నాన్న ప్రకారం అసలు మార్పు వేగం కాదు, తెర మన వైపు తిరగడం. "లేదు" అనే మాట పోయి "38" అనే అంకె వచ్చింది. రద్దయినకొద్దీ అది తగ్గుతుంటే మనమే చూసుకోవచ్చు, గుమాస్తాని బతిమాలక్కర్లేదు.

కానీ ఎదురు నడక కూడా ఉంది. పెట్టె తలుపు పక్కన అంటించే చార్టు గుర్తుందా? చదువు రానివాడు కూడా పక్కవాణ్ణి అడిగి చూపించుకునేవాడు. 2018 మార్చి నుంచి పెద్ద స్టేషన్లలో పెట్టెలకి ఆ కాగితం అంటించడం ఆపేశారు. ఫోనున్నవాడికి పరవాలేదు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ కూడా కావాలి. దొంగ ఖాతాలు తగ్గాలంటే అవసరమే అనుకోండి, కానీ ఆధారూ ఓటీపీ అంటే హడలిపోయే మా మేనత్త లాంటివాళ్ళు మళ్ళీ ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాలి.

స్టేషను మెట్ల మీద కూర్చుని నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. అఘోరనాథ్ కథంతా విని, "నీ ముందున్న ముప్ఫై ఏడుమందీ కాక, ఆఖర్లో ఎమర్జెన్సీ కోటాలో ఎవరి ఉత్తరంతో ఎవరికి బెర్తు ఇస్తున్నారో అందులో కనబడుతుందా?" అని అడిగారు.

"కనబడదు నాన్నా."

"మరి అఘోరనాథ్ అడిగింది అదేగా" అని, బస్సుకి కూడా ఓ టికెట్టు తీసి ఉంచమన్నారు.