ఆగిపోయిన తేదీ: అమెరికాలో కాగితాలు లేని వార్ధక్యం

1929 మార్చి 2న అమెరికా కాంగ్రెస్ ఒక చిన్న చట్టం చేసింది. దానికి రిజిస్ట్రీ చట్టమని పేరు. 1921 జూన్ 3కు ముందే దేశంలోకి వచ్చి, అప్పటినుంచి ఇక్కడే నివసిస్తూ, సత్ప్రవర్తన కలిగి ఉండి, వచ్చినట్టు మాత్రం ప్రభుత్వ దస్తావేజుల్లో ఆధారం లేనివారిని శాశ్వత నివాసులుగా నమోదు చేయవచ్చునని ఆ చట్టం చెప్పింది. ఎలా వచ్చావన్న ప్రశ్నకన్నా ఎన్నాళ్ళుగా ఉంటున్నావన్న ప్రశ్నకు ఎక్కువ విలువనిచ్చిన చట్టమది. ఒకచోట వేళ్ళూనుకున్న మనిషిని పెరికివేయడం వల్ల ఎవరికీ లాభం లేదన్న లౌకికజ్ఞానం దాని వెనుక ఉంది. ఆ రోజుల్లో దానివల్ల మేలు పొందినవారు అత్యధికంగా ఐరోపా, కెనడాల నుంచి వచ్చినవారేనన్న మాట కూడా మరువరాదు. భారతీయులు పౌరసత్వానికి అనర్హులని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీం కోర్టు అప్పటికే తేల్చివేసింది.

కాలం గడిచేకొద్దీ తేదీ కూడా ముందుకు జరగాలి. కాంగ్రెస్ దాన్ని మొదట 1924కు, తర్వాత 1958లో చేసిన చట్టంతో 1940కి, 1965లో 1948కి, 1986లో 1972 జనవరి 1కి జరిపింది. ఆ తర్వాత అది కదలలేదు.

ఇప్పుడు అమెరికాలో ముసలితనంలోకి అడుగుపెడుతున్న కాగితాలు లేని వలసదారుల చరిత్రలో ఈ ఆగిపోయిన తేదీ సగం. దాదాపు అదే కాలంలో వృద్ధుల పోషణ, వైద్యాల చుట్టూ వరుస తర్వాత వరుసగా లేచిన గోడ మిగతా సగం. ఈ రెండు పనులూ చేసినవారు వేరు, చేసిన కారణాలు వేరు. రెంటి మధ్యా చిక్కుకున్నవారు మాత్రం ఒక్కరే. 1986 నాటి చట్టం ప్రధానంగా 1982 జనవరి 1కి ముందు వచ్చినవారికీ, కొందరు వ్యవసాయ కూలీలకూ వర్తించి, సుమారు 27 లక్షల మందికి నివాసార్హత కల్పించింది. ఆ మరుసటి ఏడు, 1983లో, పాతికేళ్ళ వయసులో వచ్చిన కూలీకి ఏ దారీ మిగలలేదు. అతనికి 2023లో అరవై అయిదేళ్ళు నిండాయి.

అతను ముసలితనం దాకా ఇక్కడే ఎందుకు ఉన్నాడు? పాతతరం మెక్సికన్ కూలీలు పంటకాలానికి వచ్చి, పని తీరగానే ఇంటికి పోయేవారు. 1990ల నుంచి సరిహద్దు కాపలా బిగిసేసరికి దాటడానికి ఖర్చూ ప్రాణభయమూ పెరిగాయి. ఒకసారి వెళితే మళ్ళీ రాలేమని గ్రహించినవారు వెళ్ళడమే మానివేశారు. రాకపోకలను ఆపబోయిన గోడ పోకను మాత్రమే ఆపిందని సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చాడు. ఆ వాదన మీద ఎన్ని చర్చలున్నా, నేటి నర్సరీ తోటల్లో, హోటళ్ళ వంటగదుల్లో కనిపించే నెరిసిన తలలకు అంతకన్నా తృప్తికరమైన వివరణ దొరకదు.

పూర్వం పరిస్థితి బాగుండేదని అనుకోనక్కరలేదు. పందొమ్మిదో శతాబ్దంలో దిక్కులేని ముసలివారికి కౌంటీ నడిపే పేదల గృహమే చివరి గూడు. ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన పేదల చట్టాల ప్రకారం అక్కడ అడిగే ప్రశ్న ‘నీది ఈ ఊరేనా?’ అని. పొరుగూరి పేదవాణ్ణి కూడా పొలిమేర దాటించేవారు. మసాచుసెట్స్ రాష్ట్రమైతే ఐరిష్ పేదలను ఓడలెక్కించి వెనక్కి పంపింది. అయినా అక్కడ చూసింది పేదరికాన్ని, స్థానికతను. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే కాగితం గురించిన ప్రశ్న చాలా తర్వాత వచ్చింది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం కూడా వృద్ధుల సహాయానికి పౌరసత్వం ఉండితీరాలని అనలేదు. ఆ నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. అదే చట్టం వ్యవసాయ కూలీలనూ ఇళ్ళలో పనిచేసేవారినీ పింఛను పరిధి నుంచి తప్పించింది. వలసవచ్చినవారు ఎక్కువగా చేసే పనులు ఆ రెండే.

దాని ఫలితం ఎలా ఉంటుందో కాలిఫోర్నియాలోని ఫిలిప్పీన్ కూలీల విషయంలో తేటతెల్లమైంది. వారు వచ్చేనాటికి ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉంది. అందువల్ల వారికి కాగితాల బెడద లేదు. 1934లో ఒక్క చట్టంతో వారు పరదేశీయులైపోయారు. తెల్లజాతి స్త్రీలతో వివాహాన్ని రాష్ట్ర చట్టం నిషేధించింది. స్వదేశీ స్త్రీలు రావడం అరుదు. పౌరసత్వానికి అర్హత, భారతీయులతో పాటే, 1946లో గానీ దక్కలేదు. 1960లు వచ్చేసరికి భార్యాబిడ్డలు లేని వేలాదిమంది కూలీలు శిబిరాల్లో ముసలివారయ్యారు. వారికోసం వ్యవసాయ కార్మిక సంఘం 1974లో డిలానో పట్టణంలో అగ్బయానీ విలేజ్ అనే నివాసాన్ని తెరిచింది. 1967లో సమ్మె శిబిరం వద్ద గుండె ఆగి మరణించిన పౌలో అగ్బయానీ పేరు దానికి పెట్టారు. స్వచ్ఛంద కార్యకర్తలు ఇటుక ఇటుక పేర్చి కట్టిన సుమారు అరవై గదులవి. సాన్ ఫ్రాన్సిస్కోలో అలాంటి వృద్ధులే అద్దెకున్న ఇంటర్నేషనల్ హోటల్‌ను మాత్రం 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున వందలాది పోలీసులు ఖాళీ చేయించారు.

ఆ హోటల్‌కు నడిచివెళ్ళేంత దూరంలోనే, చైనా టౌన్‌లో, 1970ల ఆరంభంలో ఆన్ లోక్ సంస్థ పుట్టింది. ఇరుకు గదుల్లో ఒంటరిగా ముసలివారైన చైనీయులను నర్సింగ్ హోముకు పంపకుండా, పగలు ఒక కేంద్రానికి తీసుకువచ్చి, వైద్యం, భోజనం, వ్యాయామం, నాలుగు మాటలు అన్నీ ఒకేచోట అందించే పద్ధతి అది. వారిలో కొందరు ఇతరుల కొడుకులమని దొంగ కాగితాలతో వచ్చి, జన్మంతా అరువు పేరుతో బతికినవారు. ఆ పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, 1997లో కాంగ్రెస్ దాన్ని మెడికేర్‌లో శాశ్వత భాగం చేసింది. మెడికేర్, మెడికెయిడ్‌ల సొమ్ముతోనే నడుస్తుంది గనక, నేడు చాలా రాష్ట్రాల్లో కాగితాలు లేనివారికి అందులో చోటు లేదు.

ఇక గోడ సంగతి. 1965లో మెడికెయిడ్ మొదలైనప్పుడు ఆ చట్టంలో పౌరసత్వపు షరతు లేదు. 1971లో గ్రాహం వర్సెస్ రిచర్డ్‌సన్ కేసులో, చట్టబద్ధంగా నివసించే పరదేశీయులకు రాష్ట్రాలు సంక్షేమ సహాయం నిరాకరించరాదని సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినది అరిజోనాలో పనిచేయలేని స్థితికి చేరిన అరవై నాలుగేళ్ళ మహిళ. తలుపులు తెరుచుకుంటున్నాయని అప్పుడు అనిపించి ఉండాలి. మరుసటి సంవత్సరమే గాలి మళ్ళింది. 1972 అక్టోబర్ 30 నాటి సవరణలు మూత్రపిండాలు చెడిన రోగుల డయాలసిస్‌ను మెడికేర్‌లోకి తెచ్చాయి, నిరుపేద వృద్ధులకు కొత్త భృతిని సృష్టించాయి, వాటితో పాటు ఆ భృతికి వలస హోదాను షరతుగా పెట్టాయి. వైద్యచరిత్రలో అంత ఉదారమైన చట్టాలు తక్కువ. ఉదారత పెరిగేకొద్దీ ఎవరికివ్వాలన్న లెక్క బిగుసుకోవడం కూడా ఆ చట్టంలోనే కనిపిస్తుంది. 1973లో ఒక పాలనాపరమైన నిబంధన మెడికెయిడ్‌కూ అదే షరతు పెట్టింది. చట్టంలో లేని షరతును నిబంధనతో తేవడం చెల్లదని న్యూయార్క్‌లో ఫెడరల్ న్యాయమూర్తి 1986లో అన్నాక, కాంగ్రెస్ అదే ఏడు దాన్ని చట్టంలోనే రాసింది. అత్యవసర చికిత్సకు మాత్రం మినహాయింపునిచ్చింది. 1996 ఆగస్టు నాటి సంక్షేమ సంస్కరణ చట్టంతో గోడ పూర్తయింది.

తల్లిదండ్రులను గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్న తెలుగు కుటుంబాలకు ఈ గోడలో ఒక రాయి బాగా పరిచయం. అరవై అయిదు దాటినా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేని శాశ్వత నివాసి అయిదేళ్ళు ఆగితే గానీ మెడికేర్‌ను డబ్బిచ్చి కూడా కొనుక్కోలేడు. ఆ అయిదేళ్ళ నిబంధనను 1976లో మాథ్యూస్ వర్సెస్ డియాజ్ కేసులో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా సమర్థించింది. పరదేశీయుల మధ్య రాష్ట్రాలు చేయరాని భేదం కాంగ్రెస్ చేయవచ్చునన్నది ఆ తీర్పు సారాంశం. కాగితాలున్నవారికి అయిదేళ్ళ వాకిలి, లేనివారికి వాకిలే లేని ప్రహరీ.

కాగితాలు లేనివారు పన్ను కట్టరన్నది తరచుగా వినిపించే మాట. పొరపాటు. ఇతరుల నంబరుతోనో, లేని నంబరుతోనో పనిచేసేవారి జీతం నుంచి కూడా సోషల్ సెక్యూరిటీ పన్ను కోతపడుతుంది. 2010లో ఒక్క ఏడాదిలో వీరివల్ల పింఛను నిధికి నికరంగా సుమారు 1,200 కోట్ల డాలర్లు చేరాయని ఆ సంస్థ గణాంక నిపుణులే అంచనా కట్టారు. 2022లో వీరు కట్టిన సోషల్ సెక్యూరిటీ పన్ను 2,570 కోట్ల డాలర్లు, మెడికేర్ పన్ను 640 కోట్ల డాలర్లని పన్నుల విధానాలను పరిశీలించే ఒక పరిశోధన సంస్థ లెక్క. ఆ సొమ్ములో వారికి తిరిగివచ్చేది దాదాపు శూన్యం. హెచ్-1బీ మీద తొమ్మిదేళ్ళు పనిచేసి హైదరాబాదుకు మరలిపోయిన ఇంజనీరుకు ఈ బాధ కొంత అర్థమవుతుంది. నలభై త్రైమాసికాలు పూర్తికాలేదు గనక, రెండు దేశాల మధ్య పింఛను ఒప్పందం లేదు గనక, అతను కట్టినది ఇక్కడే ఉండిపోతుంది. మెక్సికోతో అలాంటి ఒప్పందం 2004లో సంతకాల దాకా వచ్చి, కాంగ్రెస్ ముందుకు వెళ్ళకుండానే ఉండిపోయింది.

పింఛను లేని ముసలితనానికి ఆసుపత్రే ఆసరా అవుతుంది. 1986 నాటి మరొక చట్టం ప్రకారం, అత్యవసర విభాగానికి వచ్చిన మనిషిని ఏ కాగితాలూ అడగకుండా పరీక్షించి, స్థిమితపరచాలి. కాలుచేయి పడిపోయిన వృద్ధుడికి గడ్డను కరిగించే మందు అందుతుంది, మంచం దొరుకుతుంది, ప్రాణం నిలుస్తుంది. ఆ తర్వాత అతనికి కావలసింది మూడు నెలల ఫిజియోథెరపీ, స్నానం చేయించే మనిషి, చక్రాల కుర్చీ పట్టే వాకిలి. వీటిలో ఏదీ అత్యవసరం కాదు. తలకు గాయాలై, దీర్ఘకాలం నర్సింగ్ సేవలు అవసరమైన రోగుల కేసులో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు 1998లో ఇదే చెప్పింది: నిలకడ చిక్కిన రోగికి చేసే నిత్య పోషణ అత్యవసర చికిత్స కిందికి రాదు. వార్ధక్యమంటేనే నిత్య పోషణ. మతిమరుపు వ్యాధి ఏ రోజునా అత్యవసరం కాదు, ఆ ముసలమ్మ పొయ్యి ఆర్పడం మరిచిపోయిన రోజున తప్ప. ఇంటికి పంపడానికి ఇల్లు లేక, నర్సింగ్ హోముకు పంపడానికి డబ్బిచ్చేవారు లేక, నెలల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయిన రోగులు పెద్ద నగరాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్నారు. నర్సింగ్ హోముకయ్యే ఖర్చు దానిముందు లెక్కలోకి రాదు.

డయాలసిస్ విషయంలో ఈ తర్కం ఎక్కడిదాకా పోతుందో లెక్కలతో సహా తేలింది. చాలా రాష్ట్రాల్లో కాగితాలు లేని రోగికి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయరు. రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయికి చేరేదాకా, ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఊపిరాడనిదాకా ఆగి, అప్పుడు చేస్తారు. ఇలా చికిత్స పొందినవారిలో అయిదేళ్ళలో మరణించే ప్రమాదం క్రమంగా చేయించుకున్నవారికన్నా పద్నాలుగు రెట్లు ఎక్కువని డాక్టర్ లీలియా సర్వాంటెస్ బృందం 2018లో ప్రచురించింది. మరుసటి ఏడు కొలరాడో రాష్ట్రం మూత్రపిండాల వైఫల్యాన్నే అత్యవసర స్థితిగా పరిగణించడం మొదలుపెట్టింది. చట్టం మారలేదు, ఒక మాటకు అర్థం మారింది.

రాష్ట్రాలు తమ సొమ్ముతో తెరిచిన తలుపులు కొన్ని ఉన్నాయి. అరవై అయిదు దాటినవారికి ఇల్లినాయ్ 2020 చివర్లో వైద్యసదుపాయం కల్పించింది. ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. కాలిఫోర్నియా 2022 మేలో యాభై దాటినవారికి నర్సింగ్ హోమ్ సేవలతో సహా పూర్తి మెడికెయిడ్ ఇచ్చింది, 2024లో అన్ని వయసులకూ విస్తరించింది. న్యూయార్క్ 2024లో వృద్ధులను చేర్చుకుంది. ఖజానా బరువెక్కేసరికి వెనకడుగు కూడా అంతే వేగంగా పడింది. 2025 జూలైలో ఇల్లినాయ్ అరవై అయిదు నిండనివారి పథకాన్ని ఎత్తివేసింది. కాలిఫోర్నియా 2026 జనవరి నుంచి పెద్దవారి కొత్త నమోదును నిలిపివేసింది. ఈ రాష్ట్రాల బయట ఉన్నవారికి హోదా అడగని సామాజిక ఆరోగ్య కేంద్రాలు, చర్చిల భోజనశాలలు, అన్నిటికన్నా ముందు కన్నబిడ్డలు దిక్కు. ఆ బిడ్డలలో, ముఖ్యంగా కూతుళ్ళలో, పగలు ఇంకొకరి తల్లికి స్నానం చేయించి డబ్బు సంపాదించేవారు తక్కువేమీ కాదు.

బిడ్డ అమెరికా పౌరుడైతే తల్లికి కాగితాలు తేలేడా? ఇక్కడ చట్టం ఒక వింత భేదం చూపుతుంది. సందర్శకుల వీసాతో విమానం దిగి గడువు దాటిన తల్లికి, ఇరవై ఒకటి నిండిన పౌరుడైన కొడుకు ఇక్కడి నుంచే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేయగలడు. గడువు మించిన తెలుగు తల్లిదండ్రులు కొందరు ఒడ్డెక్కేది ఈ దారినే. ఎడారి దాటి వచ్చిన తల్లి మాత్రం సాధారణంగా దేశం విడిచి వెళ్ళి దరఖాస్తు చేసుకోవాలి. వెళ్ళిన మరుక్షణం 1996 నాటి ఇంకొక చట్టం ప్రకారం పదేళ్ళ నిషేధం మొదలవుతుంది. అసాధారణమైన కష్టం కలుగుతుందని రుజువు చేస్తే మినహాయింపు ఉంది. ఆ కష్టం పౌరులో శాశ్వత నివాసులో అయిన భర్తకో, తల్లిదండ్రులకో కలగాలి. బిడ్డకు కలిగే కష్టం లెక్కలోకి రాదు. డెబ్బై ఏళ్ళ మనిషికి పదేళ్ళ నిషేధమంటే ఏమిటో వివరించనక్కరలేదు.

స్వదేశానికి పోవడమూ ఒక మార్గమే. కొందరు పోతున్నారు కూడా. నలభై ఏళ్ళు డబ్బు పంపి కట్టించిన ఇల్లు అక్కడ ఉంటుంది, పలకరించే మనిషి ఉండడు. మనుమలు ఇక్కడుంటారు. పోయినవారు వారిని వీడియోలో చూస్తారు.

రిజిస్ట్రీ తేదీని జరపాలని, అసలు తేదీయే లేకుండా ఏడేళ్ళ నివాసాన్ని అర్హతగా పెట్టాలని 2022లో ఒక బిల్లు ప్రతినిధుల సభకు వచ్చింది, 2023లో మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ ముందుకు సాగలేదు. చట్టం మాత్రం పుస్తకాల్లో ఇంకా ఉంది. నేటికీ దాని కింద దరఖాస్తు చేసుకోవచ్చు. 1971 డిసెంబరులో తల్లి చంకన సరిహద్దు దాటిన పసిబిడ్డ అందుకు అర్హత గలవారిలో అందరికన్నా చిన్నవాడు. అతనికిప్పుడు యాభై దాటాయి.