ఫిలిప్పీనులలో ఓడల వెట్టి

1571లో దండనాయకుఁడు లెగాస్పి మనీలాను స్పానిష్ రాజధానిగా నెలకొల్పునాఁటికి ఫిలిప్పీను ద్వీపములన్నిటికి ఏకచ్ఛత్రాధిపతి యనఁదగిన ప్రభువు లేఁడు; కొలఁది కుటుంబములు గూడిన బరంగేలును, ఒక్కొక్క బరంగేకు దతువను నాయకుఁడును ఉండిరి. ఏఁబదియేండ్లకు పూర్వము మక్తాన్ తీరమున స్పానిష్ నావలతో వచ్చిన మజెల్లనును నేలఁగూల్చినది అట్టి నాయకుఁడైన లపులపుని జనమే. అట్టి వీరభూమిని పిడికెఁడుమంది స్పానిష్ దొరలు మూఁడువందల యేండ్లకుపైగా ఏలఁగలుగుటకు ఫిరంగియు, సిలువయు తోడ్పడిన మాట నిజమే కాని, దతువును తొలఁగింపక, వానిచేతనే వాని ప్రజను పట్టి పీడించుటయే ఆ పాలనకు మూలాధారమని నా నిశ్చయము.

పూర్వము జనులు దతువు పొలము దున్నిరి, వాని పడవకు తెడ్లు వేసిరి. వాఁడును వారి తగవులు తీర్చి, యుద్ధమున వారికి ముందు నడిచెను. స్పానిష్ దొరతనము వానికి పన్నును, వెట్టిని మినహాయించి, తక్కినవారినుండి ఆ రెంటిని రాఁబట్టు భారము వానిపై మోపెను. తొలుత 8 రియాళ్లున్న పన్ను 1589లో 10 అయ్యెను. అడిగినంత కూడనిచోట నాయకులనే బొండకొయ్యలలో బిగించి హింసించుచున్నారని మనీలా ప్రథమ బిషప్పు డొమింగో డి సలజార్ రాజునకు మొఱపెట్టుకొనెను.

పన్నుకంటె దుస్సహమైనది పోలో అను వెట్టి. 16 మొదలు 60 ఏండ్లవఱకుఁగల పురుషులు ఏఁటేఁట 40 దినములు దొరతనమువారి పని చేయవలెను. చీనా పట్టును మెక్సికోకుఁ గొనిపోయి వెండిని మరలఁ దెచ్చు గాలియన్ అను ఓడలను చరిత్రకారులు వేనోళ్లఁ గొనియాడుదురు. ఒక్క ఓడ స్తంభములకు వలసిన మ్రాఁకులను కొండలమీఁదుగా ఈడ్చుకొనివచ్చుటకు 6,000 మందికి మూఁడు నెలలు పట్టెనని 1619లో సెబాస్టియన్ డి పినేడా అను స్పానిష్ కెప్టెను వ్రాసిన మాటను ఏల తడవరో తెలియదు. ఆ కూలి భారము గ్రామములదే. దొరతనము వారికి పట్టెఁడన్నమైనఁ బెట్టలేదు.

1649లో గవర్నరు ఫహార్దో, బిసయా ద్వీపవాసులను సైతము కావీతే ఓడల కర్మశాలకుఁ బంపుమని ఆజ్ఞాపించెను. ఆలుబిడ్డలను, పంటపొలమును విడిచి సముద్రము దాఁటి పోవుటకు ఒల్లక సమార్ ద్వీపమునందలి పలపాగ్ జనులు సుమురోయ్ నాయకత్వమున తిరుగఁబడిరి. ఆ మంట పొరుగు ద్వీపములకుఁ బ్రాఁకెను. మఱుసటి యేఁడు సుమురోయ్ హతుఁడయ్యెను.

1660లో పంపాంగా సీమలో కలప నఱకువారు, నెలల తరబడి కూలి ముట్టక, ఫ్రాన్సిస్కో మనియాగోను నాయకునిగా నెన్నుకొని తమ గుడిసెలకు నిప్పుపెట్టి లేచిరి. గవర్నరు మన్రీకే డి లారా బాకీలోఁ గొంత చెల్లించి వారిని శాంతింపఁజేసెను. ఆ సంధికి మార్గము సుగమమగుటకు ముఖ్యహేతువు, అదే సీమవాఁడైన అరయాత్ నాయకుఁడు హువాన్ మకపగాల్ తన జనముతో గవర్నరు పక్షమున నిలుచుటయే.