నీటియడుగున దీపము, తలపై కన్ను

నూతిలో జారిపడిన చేదకొఱకు మునిగిన యీతగానిని, పైకి వచ్చిన పిమ్మట “ఏమి కనబడినది?” అని యడిగిచూడుడు. “ఏమియు కనబడలేదు, చేతులతో తడవి తెచ్చితిని” అని చెప్పును. నీటియడుగున కన్ను చేయవలసిన పనిని చేయియే చేయుచున్నది. అట్టి చేతికి దీపము నిచ్చితిమా, అది పనికి దూరమగును. దీపము నీయకుంటిమా, కన్నుండియు లేనట్లగును. ఈ చిక్కును విప్పుటకు పాశ్చాత్య దేశములలో నూటయేబదియేండ్లకు పైగా జరిగిన ప్రయత్నముల చరిత్రను నే నిప్పుడు సంగ్రహముగా మనవి చేసెదను.

మొదట శిరస్త్రాణమును గూర్చి చెప్పవలెను. నీట మునుగువాడు తలకు ధరించు లోహపు టోపీ నీటికొఱకు పుట్టినది కాదు, పొగకొఱకు పుట్టినది. 1823లో ఇంగ్లండునందు చార్లెస్ డీన్ అను నతడు, అగ్నిప్రమాదము జరిగిన యిండ్లలోనికి పోవువారు పొగచే నుక్కిరిబిక్కిరి కాకుండుటకై తలనంతయు కప్పు టోపీనొకదానిని కల్పించి హక్కుపత్రము పొందెను. వెలుపలినుండి గొట్టము ద్వారా గాలి కొట్టుట దాని కీలకము. అతడును అతని సోదరుడు జాన్ డీన్‌యును తరువాత దీనినే నీటిపనికి మార్చి, మునిగిన యోడలలోని వస్తువులను వెలికి తీసిరి. అయితే ఆ టోపీకి అడుగుభాగము తెఱచియుండెడిది. మనిషి తూలిపడినచో నీరు లోన చొచ్చెడిది. లండనులో పనిచేయుచుండిన జర్మను దేశీయుడు ఆగస్టస్ సీబే, 1837 ప్రాంతమున, శిరస్త్రాణమును ఒడలినంతటిని కప్పు రబ్బరు చొక్కాతో బిగించి యీ లోపమును తీర్చెను. నాటినుండి మనిషి నీటియడుగున గంటలకొలది నిలువగలిగెను. నిలువగలిగెనే కాని, చూచినదానిని గట్టుమీదివారికి చూపలేకపోయెను.

ఆ కొఱతను తీర్పబూనినవారిలో మొదటివాడు విలియం థామ్సన్. ఇతడు న్యాయవాది, ప్రకృతిశాస్త్రాభిమాని. 1856లో ఇంగ్లండు దక్షిణ తీరమందలి వేమత్ అఖాతములో, కెమెరాను ఒక పెట్టెలో నమర్చి, పడవనుండి సుమారు 18 అడుగుల లోతునకు దింపెను. మునిగినది పెట్టెయే కాని మనిషి కాడు. పెట్టెలోనికి ఉప్పునీరు చొరబడినను, గాజుపలకపై నడుగునగల రాళ్ళును నాచును మసకమసకగా పడినవి. వంతెనల స్తంభములు నీటిక్రింద నెట్లున్నవో మునుగకయే తెలిసికొనవచ్చునని ఆయన యాశించెను.

మనిషియు కెమెరాయు కలసి మునిగిన కాలము 1893. ఫ్రాన్సుదేశమున మధ్యధరా సముద్రతీరమందలి బాన్యూల్స్ గ్రామములో ఒక పరిశోధనాలయము కలదు. అందు పనిచేయుచుండిన జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూటాన్ తన సోదరుడు ఆగస్టు రూపొందించిన కెమెరాతో, శిరస్త్రాణమును ధరించి సముద్రములో దిగెను. సూర్యకాంతియే యాధారమైనందున ఒక్కొక్క చిత్రమునకు అర్ధగంటవఱకును కదలక నిలువవలసి వచ్చెడిది. చేపలు మాత్ర మంతసేపు నిలుచునా? కావున దీపము కావలసి వచ్చెను. గాజుబుడ్డిలో ప్రాణవాయువును నింపి, మెగ్నీషియపు తీగను విద్యుత్తుతో మండించి చూచిరి. ఆ బుడ్డి పగిలిపోవుచుండెడిది. పిమ్మట ప్రాణవాయువుతో నింపిన పెద్ద పీపాపై సారాయిదీపము నొకదానిని గాజుగంట క్రింద నుంచి, రబ్బరుతిత్తిని నొక్కినపుడెల్ల మెగ్నీషియపు పొడి మంటపై పడునట్లు చేసిరి. మెఱుపు వచ్చెను, చిత్రమును వచ్చెను. కాని ఆ పీపాను కదపుటయే గగనమయ్యెను. 1899 నాటికి బూటాన్ విద్యుద్దీపములను నీటిలో దింపి 50 మీటర్ల లోతున చిత్రములు తీయించెను. 1900లో తన పద్ధతులను గ్రంథరూపమున ప్రకటించెను.

రంగులతో చిత్రములు తీయుట మఱింత కష్టమయ్యెను. 1926లో అమెరికాలోని ఫ్లారిడా సముద్రతీరమున లాంగ్లీ, మార్టిన్ అను నిరువురు మెగ్నీషియపు పొడిని తెప్పమీద నుంచి, కెమెరా రెప్ప తెఱచుకొనగనే అది భగ్గుమని మండునట్లు కల్పించిరి. ఆ పొడి మండి లాంగ్లీకి తీవ్రముగా కాలిన గాయములైనవి. అయినను వారు వెనుదీయలేదు. చేపల నిజమైన రంగులు 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో లోకమునకు కనబడినవి.

ఇంత వెలుతు రేల కావలెనని మీ రడుగవచ్చును. తెల్లని యెండలో అన్ని రంగులును కలవు గదా. నీరు వానినన్నిటిని సమానముగా పోనీయదు. ముందుగా ఎఱుపును మ్రింగును. కొన్ని బారలు దిగునప్పటికే ఎఱ్ఱనిది నల్లబడును. ఇంకను దిగినకొలది నారింజ, పసుపు వన్నెలు పోయి, నీలిమ యొక్కటే మిగులును. దీపమును దగ్గఱకు తెచ్చినచో పోయిన రంగులు తిరిగివచ్చును. ఏలయన, ఆ వెలుగు నీటిలో పయనించు దూరము స్వల్పము.

1943లో ఫ్రెంచి నౌకాదళోద్యోగి జాక్ కూస్టో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలసి, మనిషి పీల్చినపుడు మాత్రమే సీసానుండి గాలిని విడుచు కవాటమును కల్పించిరి. గాలిగొట్టపు బంధనము తెగెను. సీసపు జోళ్ళు పోయినవి. డైవరు చేపవలె నీదజొచ్చెను. కాని యొక చేత దీపము, ఒక చేత కెమెరా పట్టినవాడు కదలుటకును, ఆపదలో నొకదానిని పట్టుకొనుటకును చేతులు లేనివాడయ్యెను.

దీనికి విఱుగుడు భూగర్భమునందే యున్నది. మన సింగరేణి బొగ్గుగనులలో దిగు కార్మికుడు దీపమును టోపీకి తగిలించుకొని, రెండు చేతులతో పనిచేయును. నీటితో నిండిన గుహలలో నీదువారును ఈ పద్ధతినే యవలంబించిరి. దీపములు, బ్యాటరీలు చిన్నవైనకొలది ఇది సులభమయ్యెను. 2004లో అమెరికాలో వెలువడిన గోప్రో అను చిన్న కెమెరా మొదట మణికట్టున కట్టుకొనునది. తరువాత అట్టి కెమెరాలు శిరస్త్రాణముపైకిని ఎక్కినవి. తల యెటు తిరిగిన కన్ను, దీపము, కెమెరా మూడును అటే తిరుగును.

ఇట్టి టోపీని కూర్చుటలో నాలుగు నియమములు కలవు. మొదటిది ఒత్తిడి. 10 మీటర్లు దిగినకొలది చదరపు సెంటీమీటరుపై సుమా రొక కిలో బరువు హెచ్చును. 30 మీటర్ల లోతున అరచేయంత గాజుపై, అనగా నూఱు చదరపు సెంటీమీటర్లపై, మూడు క్వింటాళ్ళ బరువు పడును. కావున గట్టి పెట్టెయు, అంచున శుభ్రమైన రబ్బరు వలయమును ఉండవలెను. వలయముపై నొక వెండ్రుక పడినను నీరు లోనికి చొచ్చును. రెండవది దీపస్థానము. దీపము కెమెరాను ఆనుకొనియున్నచో నీటిలోని నలుసు లన్నియు తెల్లగా మెఱసి, మంచులో బండిదీపము వేసినట్లగును. అందుచే దీపమును కెమెరాకు వీలైనంత ప్రక్కగా నుంచుదురు. మూడవది తూకము. పెట్టె తేలినను మునిగినను మెడను లాగును. కావున సీసపు ముక్కలతోనో తేలికపాటి నురుగుతోనో సరిచేయుదురు. నాలుగవది ప్రాణరక్షణము. టోపీ త్రాటికో వలకో చిక్కినచో ఒక్క చేతితో విప్పుకొనునట్టి కొక్కెముండవలెను. గుహలలో నీదువారు దీపములు మూడింటికి తక్కువ లేకుండ తీసికొనిపోవుట యాచారము.

ఈ పాటంతయు దేనికొఱకు? థాయిలాండు దేశమున థామ్ లువాంగ్ గుహలో 2018 జూన్ 23న పన్నెండుగురు బాలురును వారి శిక్షకుడును చిక్కుకొనిరి. వానలకు గుహ నీటితో నిండెను. జూలై 2న ఇంగ్లండునుండి వచ్చిన ఇరువురు డైవర్లు వారిని కనుగొనిరి. ఆనాడు దీపకాంతిలో తీసిన చలనచిత్రము చూచి, పిల్లలు బ్రదికియున్నారని ప్రపంచము తెలిసికొనెను. జూలై 6న లోపల గాలిసీసాలు చేర్చి వచ్చుచు సమాన్ కునాన్ అను పూర్వ నౌకాసైనికుడు ప్రాణములు విడిచెను. జూలై 8, 9, 10 తేదీలలో పదుమువ్వురును బయటపడిరి.

ఆ బురదనీటిలో డైవర్ల దీపములు చాలచోట్ల మూరెడు దూరమైన చూపలేదు. వా రొక చేత దారి చూపు త్రాటిని, ఒక చేత మత్తుమందిచ్చిన బాలుని పట్టుకొని వచ్చిరి. దీపము తలపై నున్నందున ఆ రెండు చేతులును వారికి మిగిలినవి. పొగలో మనుష్యులను కాపాడుటకై పుట్టిన టోపీ, నూటతొంబదియైదేండ్ల తరువాత నీటిలో బాలురను కాపాడువారి తలపై నుండుట నాకు మిక్కిలి సంతోషము గొలుపుచున్నది. యంత్రము లెన్ని పుట్టినను, సాటిమనిషిని పట్టుకొనుటకు చేతులను ఖాళీగా నుంచునదియే మేలైన యంత్రమని నే ననుకొందును.