నూతన సంవత్సర తీర్మానం

నూతన సంవత్సర తీర్మానం అనగా కొత్త సంవత్సరం మొదలయ్యే సందర్భంగా ఒక వ్యక్తి తన అలవాట్లలో గాని, ప్రవర్తనలో గాని మార్పు తెచ్చుకొనుటకు చేసుకొనే సంకల్పం. బరువు తగ్గడం, పొగ త్రాగడం మానడం, పొదుపు చేయడం, వేకువనే లేచి చదువుకోవడం ఇందుకు సాధారణ ఉదాహరణలు. ఇటువంటి పనిని ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో విడిచిపెట్టడాన్ని తెలుగులో ఆరంభశూరత్వం అంటారు.

వైఫల్యానికి కారణాలు

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ నార్‌క్రాస్ 1980వ దశకంలో 200 మందిని రెండేళ్ళపాటు పరిశీలించాడు. మొదటి వారం 77 శాతం మంది తీర్మానానికి కట్టుబడి ఉండగా, రెండేళ్ళ తరువాత 19 శాతం మంది మాత్రమే మిగిలారు. మార్పు త్వరగా, సులభంగా, పెద్ద ఎత్తున వస్తుందని అతిగా ఆశించడమే ఇందుకు ఒక ముఖ్య కారణమని కెనడాకు చెందిన జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ వివరించారు. ఆశించిన ఫలితం కనబడనప్పుడు మనిషి తనకు మనోబలం లేదని భావించి ప్రయత్నం మానుకొంటాడు.

మార్పు నిలుపుకొనే పద్ధతులు

పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ముందే నిర్ణయించుకొంటే అది నెరవేరే అవకాశం పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు తెలుపుతున్నాయి. "బాగా చదవాలి" అనుకొనుట కంటే "రాత్రి భోజనం కాగానే పది లెక్కలు చేస్తాను" అనుకొనుట మేలు. 2020లో ప్రచురితమైన స్వీడన్ అధ్యయనంలో, ఏదైనా మానివేయాలనుకొన్నవారి కంటే కొత్తగా ఏదైనా చేయాలనుకొన్నవారే ఎక్కువగా సఫలమయ్యారు.

అలవాటు 21 రోజులలో స్థిరపడుతుందనే నమ్మకానికి ఆధారం లేదు. లండన్‌లో 96 మందిపై జరిపి 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, వ్యక్తిని బట్టి, పనిని బట్టి ఇందుకు 18 నుండి 254 రోజులు పట్టవచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటానికి చెప్పుకోదగ్గ ఆటంకం కలగలేదని కూడా ఇందులో తేలింది. కావున ఒకనాడు తప్పినంత మాత్రాన సంకల్పం భగ్నమైనట్లు కాదు. మరునాడు కొనసాగించడమే ముఖ్యం.