బ్యాంకు యాప్ రూపకల్పన, నిర్మాణ వ్యయం

యాప్‌లో తెరల అమరిక, మాటల ఎంపిక, పని సాగే వరుస దాని నిర్మాణ ఖర్చును నేరుగా మారుస్తాయి. ఉదాహరణకు గ్రామీణ బ్యాంకులనే తీసుకుందాం. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో 3 బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఇలాంటి బ్యాంకుల ఖాతాదారుల్లో పత్తి, మిర్చి రైతులుంటారు. మార్కెట్ యార్డులో మిట్టమధ్యాహ్నం ఎండలో, పాత ఫోనులో సొమ్ము జమ అయిందా అని చూసుకునే రైతుకు ఖాతా నిల్వ పెద్ద అక్షరాల్లో కనబడాలి.

తెలుగు గుడికీ ఒత్తుకూ పైనా కిందా చోటు కావాలి. ఇంగ్లీషు కొలతకు గీసిన బటన్‌లో అవి తెగిపోతాయి. ఈ లోపం నమూనా దశలోనే బయటపడితే బొమ్మ మార్చుకుంటే చాలు. కోడ్ రాశాక బయటపడితే తిరగరాయాలి, మళ్లీ పరీక్షించాలి, అవసరమైతే భద్రతా తనిఖీ కూడా మళ్లీ జరపాలి. అందుకే నమూనాను ముందే రైతుల చేతికివ్వడం అనవసరపు ఖర్చు కానేకాదు.

రూపకల్పన తెరకే పరిమితం కాదు. స్మార్ట్‌ఫోన్ లేనివారికోసం రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే అనే చెల్లింపుల సేవను ప్రారంభించింది. అందులోని ఐవీఆర్ పద్ధతిలో, అంటే ఫోన్ చేసి వినిపించే సూచనల ప్రకారం పని జరిపే పద్ధతిలో, తెర ఉండదు. వినిపించే మాటలే రూపకల్పన.